పద్దెనిమిది నిండిన మర్నాడు

సంపాదకులకు నమస్కారం.

నిలువ నీడలేని యువతీయువకుల గురించి ఎక్కడ చర్చ మొదలైనా, రాత్రి బస కేంద్రాల్లో ఎన్ని పడకలున్నాయన్న లెక్క దగ్గరే ముగిసిపోతోంది. పడకలు వద్దని నేను అనను. అయితే ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత ఇలాంటి పిల్లలు వచ్చిపోయే ఒక కేంద్రంలో వారానికి రెండు సాయంత్రాలు పనిచేస్తున్న నాకు కనిపించే లోటు వేరు. మన సాయం వాళ్ల దగ్గరికి ఆలస్యంగా వెళ్తుంది, తొందరగా వెనక్కి వచ్చేస్తుంది.

ఆలస్యానికి నేనే సాక్షిని. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి రోజూ మోయలేనంత సంచీతో వచ్చేవాడు. ఆ రోజు చెప్పని పాఠాల పుస్తకాలు కూడా ఎందుకు మోస్తున్నావని రెండు మూడుసార్లు కోప్పడ్డాను. తల దించుకునేవాడు, అంతే. సవతి తండ్రి కొట్టి వెళ్లగొట్టాడని, రెండు నెలలుగా వారానికొక స్నేహితుడి ఇంట్లో పడుకుంటున్నాడని, బట్టలూ తువ్వాలూ దువ్వెనా అన్నీ ఆ సంచీలోనే ఉండేవని అతను బడి మానేసిన తరువాత తెలిసింది. నాకు బరువు కనిపించింది. అందులో ఏముందో అడగాలని తోచలేదు. ఆ రెండు నెలలూ అతను ఏ లెక్కలోనూ ఇల్లు లేనివాడు కాదు. ఎవరైనా కాలిబాట మీద పడుకుంటేనే మనకు ఇల్లు లేనట్టు లెక్క.

నేను చూసినంతలో ఏ పిల్లవాడూ ఒక్కరోజులో వీధిన పడడు. ముందు హాజరు తగ్గుతుంది. తరగతిలో నిద్రపోతాడు. ఆఖరి గంట కొట్టినా ఇంటికి బయలుదేరడు. ఇది చూడగలిగేది బడి ఒక్కటే. ఆస్ట్రేలియాలోని జీలాంగ్ నగరంలో 2010 నుంచి ఈ పని ఒక పద్ధతిగా చేస్తున్నారు. బడిలోని పిల్లలందరి చేతా ఒక ప్రశ్నావళి నింపిస్తారు. అందరూ రాస్తారు కనుక ఎవరి మీదా ముద్ర పడదు. ఇంట్లో పరిస్థితి చెడుతున్న సూచన కనిపిస్తే బడి సిబ్బందీ స్థానిక సేవాసంస్థా కలిసి ఆ కుటుంబం దగ్గరికి వెళ్తాయి. మూడేళ్లలో అక్కడ ఇల్లు లేక సహాయ కేంద్రాలకు వచ్చే పిల్లల సంఖ్య సుమారు 40 శాతం తగ్గిందని నిర్వాహకులు నివేదించారు. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. అడిగే మనిషి కావాలి, అడిగిన తరువాత వెళ్లగలిగే చోటు కావాలి.

అన్ని ఇళ్లలోనూ రాజీ కుదురుతుందని కూడా చెప్పను. దెబ్బల నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయిని, ట్రాన్స్‌జెండర్ అయినందుకు గెంటివేతకు గురైన బిడ్డను నచ్చజెప్పి వెనక్కి పంపడం సేవ కాదు, అపచారం. వాళ్లకు వేరే గూడు చూపాలి. అది పెద్దవాళ్ల బస కేంద్రం కాకూడదు. అక్కడ వాళ్లను మాటు వేసి చూసేవాళ్లు ఉంటారు.

ఇక తొందరగా వెనక్కి వచ్చేయడం సంగతి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పద్దెనిమిదేళ్ల లోపు వారినే బాలలుగా నిర్వచించింది. ఆ గీత బాలలను కాపాడటానికి గీసినది. ఆచరణలో అదే గీత దగ్గర తలుపులు మూసుకుంటున్నాయి. సంరక్షణ గృహంలో పెరిగిన పిల్లలకు పద్దెనిమిదో పుట్టినరోజంటే భయం. మన 2015 బాలల న్యాయ చట్టం ఇరవై ఒకటో ఏడు నిండేదాకా అనంతర సంరక్షణను, అంటే గృహం విడిచిన తరువాత కూడా అందే ఆసరాను, గుర్తించింది, సంతోషమే. కానీ గృహం విడిచి వెళ్లే వారికి ఆర్థిక సాయం 'ఇవ్వవచ్చు' అంటుంది తప్ప 'ఇవ్వాలి' అనదు. ఇంగ్లండ్‌లో 2017 చట్టం సంరక్షణ నుంచి బయటికి వచ్చిన యువతకు, వారు కోరితే, ఇరవై అయిదేళ్ల వరకు ఒక వ్యక్తిగత సలహాదారు తోడుండే ఏర్పాటు చేసింది. వేల్స్ ప్రభుత్వం 2022లో ఇంకో అడుగు వేసి, అలా పద్దెనిమిది నిండిన యువతకు రెండేళ్లపాటు నెలకు, పన్ను కోతకు ముందు, 1,600 పౌండ్లు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది.

ఇంతకాలం ఆదుకుంటే సోమరులవుతారని అంటారు. సొంత పిల్లలను ఇరవై అయిదేళ్లు వచ్చినా ఇంట్లో పెట్టుకుని చదివిస్తున్న తల్లిదండ్రులే ఆ మాట అనడం నాకు బాధ కలిగిస్తుంది.

మా కేంద్రానికి వచ్చేవాళ్లలో పని దొరకనివాళ్లకంటే దొరికిన పనిలో చేరలేనివాళ్లే ఎక్కువ. జీతం పడటానికి బ్యాంకు ఖాతా కావాలి. ఖాతాకు గుర్తింపు కార్డు, దానికి చిరునామా కావాలి. చిరునామా కోసం గది అద్దెకు తీసుకోవాలంటే ముందు జీతం చూపించమంటారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ఉత్తరాలు అందుకోవడానికి తమ చిరునామాను వాడుకోనిచ్చి, దరఖాస్తు చేతికిచ్చి పంపకుండా ఆ కార్యాలయానికి వెంట వెళ్లే కేంద్రాలు చేస్తున్నది అదే. అలా వెంట వెళ్లే మనిషి ఆరునెలలకోసారి మారిపోకూడదు. ఒక అమ్మాయి తన కథను అప్పటికి ఏడుగురికి చెప్పానని నాతో అంది. ఎనిమిదోసారి చెప్పనంది. నేనూ అడగలేదు. పక్కన కూర్చుని దరఖాస్తు నింపాము.

స్థానిక ప్రభుత్వాలను నేను కోరేది ఇది. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఈ పని తెలిసిన ఒక మనిషిని కేటాయించండి. వయసు నిండిన మర్నాడు కాకుండా, ఉండటానికి చోటు, చేయడానికి పని లేదా చదువు కుదిరిన తరువాతే సాయం ఆపండి. సహాయ కేంద్రాల వేళలు మార్చండి. చాలావరకు సాయంత్రం అయిదింటికి మూతపడతాయి, పిల్లలను ఇంట్లోంచి గెంటివేసేది తరచుగా రాత్రిపూట. మీ పత్రికకూ ఒక విన్నపం. ఈ పిల్లల వార్తలు నేర వార్తల పేజీలోనే కనిపిస్తున్నాయి. పరీక్ష ఫలితాలు వేసే రోజున, ఇంటికి వెళ్లడానికి భయపడే పిల్లలు ఫోను చేయదగిన సహాయ నంబరు కూడా ఆ పేజీలోనే పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు