4కె అని చెప్పి అమ్మిన పెట్టెల గురించి మా ఖాతాదారులకు

మా దుకాణంలో హోం థియేటర్ కంప్యూటర్ కొన్న వారందరికీ నమస్కారం. ఆఫీసులు వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లను తెచ్చి, శుభ్రం చేసి, టీవీకి తగిలించుకునే పెట్టెలుగా మార్చి 2025 ఉగాది నుంచి ఇప్పటివరకు కర్నూలులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ 38 ఇళ్లకు ఇచ్చాను. వాటిలో 23 పెట్టెల విషయంలో నేను మీకు చెప్పిన ఒక మాట తప్పు. "ఇది ఐ5, ఇందులో 4కె సినిమాలు కూడా నడుస్తాయి" అని చెప్పాను. 4కె అంటే ఫుల్ హెచ్‌డీ కంటే నాలుగు రెట్లు చుక్కలున్న బొమ్మ. అలాంటి ఫైళ్లలో కొన్ని రకాలను అవి నడపలేవు. ఇది ఎలా జరిగింది, మీకు ఏం చేయబోతున్నాను, ఇకపై ఇచ్చే పెట్టెల ధర ఎందుకు పెరుగుతోంది అన్న మూడు సంగతులూ దాచకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నందికొట్కూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన పెట్టెను సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చారు. "ఏమప్పా, 4కె అంటివి. బొమ్మ ఆగి ఆగి నడుస్తాంది. మాట ముందు పోతాంది, మూతులు వెనక కదుల్తాండాయి" అన్నారు. కేబుల్ లోపమై ఉంటుందని మొదట అనుకున్నాను. ఆయన పెన్‌డ్రైవ్‌లోని ఫైలునే దుకాణంలోని టీవీలో పెట్టి చూశాను. నిమిషం తిరగకముందే ఫ్యాను హోరెత్తింది, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే నాలుగు భాగాలూ, అంటే కోర్లూ, నూటికి నూరు శాతం పనిచేస్తున్నాయి. ఈ పెట్టెల్లో సినిమాలు నడిపే సాఫ్ట్‌వేర్ పేరు కోడి (Kodi). అది నడుస్తుండగా కీబోర్డు మీద ఓ మీట నొక్కితే తెరపై కొన్ని వివరాలు కనిపిస్తాయి. అందులో ఫైలును బొమ్మగా విప్పే డీకోడర్ పేరు పక్కన హార్డ్‌వేర్ అన్న గుర్తు ఉండవలసిన చోట సాఫ్ట్‌వేర్ అన్న గుర్తు ఉంది. అది చూశాక ఇంక కేబుల్‌ను అనడానికి ఏమీ లేదు.

వీడియో ఫైలును బొమ్మగా విప్పే పనిని ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగంలోని ప్రత్యేక సర్క్యూట్ చేస్తే యంత్రం చల్లగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది. ఆ సర్క్యూట్‌కు తెలియని పద్ధతిలో ఫైలు ఉంటే ఆ భారమంతా మామూలు కోర్ల మీద పడుతుంది. ఇప్పటి 4కె ఫైళ్లలో ఎక్కువ భాగం హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో, రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్ రూపంలో వస్తున్నాయి. హెచ్‌ఈవీసీ ప్రమాణం మొదటిసారి వెలువడింది 2013లో. నేను అమ్మిన ఆ 23 పెట్టెల్లోని ఇంటెల్ నాలుగో తరం చిప్‌లు, అంటే ప్రాసెసర్లు, మార్కెట్లోకి వచ్చిందీ అదే ఏడాది. కాబట్టి 10 బిట్ హెచ్‌ఈవీసీని విప్పే సర్క్యూట్ వాటిలో లేదు. మరి దుకాణంలో పరీక్షించినప్పుడు ఎందుకు బయటపడలేదంటే, నేను ప్రతి పెట్టెనూ ఒకే ఒక్క ఫైలుతో పరీక్షించేవాడిని. అది నా ఫోనులో తుంగభద్ర ఒడ్డున తీసిన 4కె వీడియో, పాత హెచ్.264 పద్ధతిలో ఉన్నది. నాలుగో తరం చిప్ దాన్ని అవలీలగా నడిపేది. ఆ ఒక్క ఫైలు నడిచిందని అన్నీ నడుస్తాయని చెప్పడం నా పొరపాటు. నాకు ఆ యంత్రాలు ఇచ్చినవారు ఏం చెప్పినా, మీకు మాట ఇచ్చింది నేను.

ప్రాసెసర్‌కు ఐ3, ఐ5 అన్న పేరు చూసి ఎవరూ నిర్ణయించుకోకండి. దాని పక్కనున్న అంకె చూడండి. ఐ5-4570 అంటే మొదటి అంకె 4, అది నాలుగో తరం. ఐ5-7500 అంటే ఏడో తరం. సినిమాల విషయంలో ఏడో తరం ఐ3 కూడా నాలుగో తరం ఐ5 కంటే మేలు, ఎందుకంటే 10 బిట్ హెచ్‌ఈవీసీని, యూట్యూబ్ వాడే వీపీ9ని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లకు 2017 జనవరిలో వచ్చిన ఈ తరంతోనే వచ్చింది. ఆరో తరం 8 బిట్ హెచ్‌ఈవీసీ దగ్గరే ఆగిపోయింది.

మనలాంటి వారికి కలిసివచ్చిన సంగతి ఒకటి ఇక్కడే ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అందువల్ల ఆఫీసులు తమ ఏడో తరం యంత్రాలను వదిలించుకుంటున్నాయి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని పాత కంప్యూటర్ల దుకాణాల్లో అవి ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. విండోస్ 11 వద్దన్న ఆ యంత్రమే టీవీ పక్కన పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయే యంత్రం. మనం అందులో విండోస్ బదులు లినక్స్ అనే మరో సిస్టం వేస్తున్నాం కనుక ఆ గడువుతో మనకు పనిలేదు. ఇకమీదట నేను ఇచ్చే ప్రతి పెట్టెలోనూ ఏడో తరం లేదా ఆ పై చిప్ మాత్రమే ఉంటుంది.

ఇక మార్పిడి సంగతి. ఆ 23 ఇళ్లలో 14 ఇళ్లలో 4కె టీవీలు ఉన్నట్టు నా పుస్తకంలో రాసి ఉంది. ఆ పద్నాలుగు పెట్టెలనూ ఏడో తరం యంత్రాలతో మారుస్తాను, ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. మీ డిస్కును తీసి కొత్త యంత్రంలో పెడతాను కాబట్టి మీ సినిమాల జాబితా, మీరు చూసి ఆపిన చోట్లు అన్నీ అలాగే ఉంటాయి. ఒక్కో మార్పిడికి నాకు సుమారు 2,500 రూపాయలు పడుతుంది. అన్నీ ఒకేసారి తెచ్చే స్తోమత లేదు కనుక వారానికి మూడు చొప్పున ఐదు వారాల్లో ముగిస్తాను, ముందు కొన్నవారికి ముందు. ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్న మిగతా తొమ్మిది ఇళ్లవారు కంగారుపడవలసిన పని లేదు. 1080 గీతల ఫైలు హెచ్‌ఈవీసీలో ఉన్నా మీ ఐ5 కోర్లు దాన్ని మోయగలవు. అయినా మీరు 4కె టీవీ కొనే ఆలోచనలో ఉంటే ఇప్పుడే చెప్పండి, మీ పేరు కూడా ఆ వరుసలో రాసుకుంటాను.

ఒకసారి మాట జారాను కనుక ఏడో తరం పెట్టెకు కూడా ఉన్న హద్దులను ముందే చెబుతున్నాను. వీటిని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ రంధ్రం పాత 1.4 రకం. అది 4కె బొమ్మను సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి సినిమాకు అది చాలు, కోడిలో తెర వేగం సినిమాను బట్టి మారేలా నేనే పెట్టి ఇస్తాను. కానీ మెనూలో కదలికలు, 60 ఫ్రేముల యూట్యూబ్ వీడియోలు సాఫీగా ఉండాలంటే వెనక ఉన్న డిస్‌ప్లేపోర్ట్ అనే మరో రంధ్రం నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే యాక్టివ్ అడాప్టర్ కావాలి. ఇకపై దాన్ని పెట్టెతోపాటే ఇస్తాను. వెలుగునీడల తేడాను బాగా చూపే హెచ్‌డీఆర్ మెరుపును హెచ్‌డీఎంఐ 1.4 మోయలేదు, అందుకోసమే టీవీ కొన్నవారు ఈ పెట్టెను కొనవద్దు. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను ఏవీ1 పద్ధతిలో పంపుతోంది, దాన్ని విప్పే సర్క్యూట్ ఏడో తరంలో లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఏవీ1ను ఆపివేస్తే యూట్యూబ్ వీపీ9లోనే పంపుతుంది, ఆ పని కూడా చేసే ఇస్తాను. ఓటీటీలు మాత్రం లినక్స్ బ్రౌజర్‌లో తక్కువ స్పష్టతతోనే వస్తాయి, దానికి నా దగ్గర మందు లేదు. మీ ఇంట్లో ఓటీటీ తప్ప మరేమీ చూడకపోతే ఇందులో సగం ధరకు దొరికే టీవీ స్టిక్ కొనుక్కోండి, అదే మీకు మంచిది.

పాత సామాన్లలో ఏది వాడవచ్చు, ఏది వాడకూడదన్న విషయంలో కూడా నా పద్ధతి మార్చుకున్నాను. మెమరీ, క్యాబినెట్, డీవీడీ డ్రైవ్ పాతవైనా ఇబ్బంది లేదు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాత్రం నేను ఎప్పుడూ రాజీపడలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు నేను ఇంకా పని నేర్చుకుంటున్న కుర్రవాడిని. మునిగిన ఎస్‌ఎంపీఎస్‌లు మూడింటిని ఎండలో ఆరబెట్టి, మల్టీమీటరుతో చూసి, బాగున్నాయని బిగించాము. నెల తిరక్కుండానే ఒకటి పెద్ద చప్పుడుతో పేలి బోర్డును కూడా తీసుకుపోయింది. అప్పటినుంచి కెపాసిటరు తల కొద్దిగా ఉబ్బినా ఆ ఎస్‌ఎంపీఎస్‌ను పక్కన పడేస్తాను.

పాత హార్డ్ డిస్కుల విషయంలో ఆ జాగ్రత్త చూపలేకపోయాను. ధర తగ్గించాలని తొమ్మిది పెట్టెల్లో పాత 500 జీబీ డిస్కులు పెట్టాను, వాటిలో రెండు చెడిపోయాయి. చెడినవాటిలో ఒకటి 41,000 గంటలు తిరిగినది, అంటే ఆగకుండా నాలుగున్నరేళ్లకు పైగా. ఆ లెక్క డిస్కులోనే నమోదై ఉంటుంది, బిగించే ముందు నేను చూడవలసింది. ఇకపై సిస్టం ఎప్పుడూ తిరిగే భాగాలు లేని కొత్త ఎస్‌ఎస్‌డీ మీదే ఉంటుంది. మిగిలిన ఏడు ఇళ్లవారు ఒకసారి పెట్టె తీసుకువస్తే డిస్కు పరీక్షించి, అవసరమైతే ఉచితంగా మారుస్తాను. మీ ఇంటి ఫొటోలు అందులో మాత్రమే ఉంటే ఈ వారమే మరోచోట కాపీ పెట్టుకోండి.

దుమ్ము గురించి అడిగేవారు చాలామంది. గత నెల బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ ఆఫీసు నుంచి నాలుగు యంత్రాలు వచ్చాయి. మూత తీస్తే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య బండల పొడి గట్టిపడి గోడకు సున్నం కొట్టినట్టు ఉంది. బ్లోయరుతో రాలేదు. హీట్‌సింక్‌ను ఊడదీసి, పళ్లు తోముకునే బ్రష్షుతో ఒక్కొక్క సందూ తోమి, ఎండిపోయిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూశాక, సినిమా నడుస్తుండగా వేడి 80 డిగ్రీల పైనుంచి 55కు దిగింది. మన ఊరి ఏప్రిల్, మే ఎండల్లో ఈ తేడాయే పెట్టె బతకడానికీ చావడానికీ మధ్య ఉన్న తేడా. కాబట్టి ఏటా వేసవికి ముందు ఒకసారి తెచ్చి శుభ్రం చేయించుకోండి, మా దగ్గర కొన్నవారికి దీనికి ఛార్జీ లేదు.

డీవీడీల కాలంలో కొన్న 5.1 స్పీకర్ల సెట్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి, వాటిని పారేయవద్దు. మీ ఆంప్లిఫయరుకు ఆప్టికల్ రంధ్రం ఉంటే మామూలు 5.1 డాల్బీ, డీటీఎస్ శబ్దాన్ని యథాతథంగా అందులోకి పంపవచ్చు. వెనక ఆరు గుండ్రటి ఆర్‌సీఏ రంధ్రాలు మాత్రమే ఉంటే, ఆఫీసు కంప్యూటర్లకు సాధారణంగా ఒకటే ఆడియో జాక్ ఉంటుంది కనుక, యూఎస్‌బీ సౌండ్ కార్డు వేసి మూడు తీగలతో కలుపుతాను.

ఈ పెట్టెల మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ మాస్టారు పెన్‌డ్రైవ్‌తోపాటు ఇంకొకటి కూడా తెచ్చారు. అది వాళ్ల అమ్మాయి పెళ్లి డీవీడీ. టీవీ స్టిక్‌కు డీవీడీ పెట్టే చోటే ఉండదు, ఈ పెట్టెకు ఉంది. డిస్కు అంచు అప్పటికే కొంచెం రంగు మారింది, రెండు చోట్ల గీతలు పడ్డాయి. నెమ్మదిగా చదివించి మొత్తం కాపీ చేశాను. కానీ టీవీలో పెడితే తలంబ్రాలు పోసే చోట చేతులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు వచ్చాయి. ఆనాటి పెళ్లి వీడియోలు 576 గీతలతో, ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు ముక్కలు చేసి రికార్డయ్యాయి. కోడిలో ఆ రెండు ముక్కలను సరిగా కలిపే డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే ఆ గీతలు పోతాయి. ఆయన కుర్చీలోంచి లేచి టీవీకి దగ్గరగా వెళ్లి, ఇప్పుడు లేని తన అక్కను ఆ గుంపులో వెతుక్కున్నారు. ఇలాంటి డిస్కులు మీ బీరువాలో ఉంటే త్వరగా తీసుకురండి, వాటిపై పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. మార్పిడికి వచ్చేవారికి రెండు డిస్కుల వరకు ఉచితంగా కాపీ చేసి ఇస్తాను.

కొత్త ధర 9,950 రూపాయలు, ఇంతకుముందు 7,800. లెక్క ఇదీ: ఏడో తరం యంత్రానికి 5,800, కొత్త ఎస్‌ఎస్‌డీకి 1,500, రిమోట్‌కు 700, అడాప్టరుకు 600, బోర్డు మీద ఉండే చిన్న సీమాస్ బ్యాటరీ, థర్మల్ పేస్టులకు 150, నా పనికి, ఏడాది వారంటీకి కలిపి 1,200. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగినందువల్ల ఎస్‌ఎస్‌డీ ఖర్చు ఇంకా కదలవచ్చు, కదిలితే ఆ తేడా మాత్రమే మారుస్తాను. మీ ఇంట్లోనే ఏడో తరం కంప్యూటర్ మూలన పడి ఉంటే కొత్తది కొనకండి, తీసుకురండి. యంత్రం ధర తీసేసి మిగతాదే తీసుకుంటాను. కరెంటు గురించి అడిగినవారికి: సినిమా నడిచేటప్పుడు ఈ పెట్టె సుమారు 30 వాట్లు తీసుకుంటుంది, రోజుకు ఐదు గంటలు చూస్తే నెలకు నాలుగున్నర యూనిట్లు అవుతుంది.

మార్పిడికి వచ్చేవారు పెట్టెను, రిమోట్‌ను, అడాప్టర్ ఇంతకుముందే కొని ఉంటే దాన్ని కూడా తీసుకురండి. టీవీ వెనక ఉన్న మోడల్ నంబరును ఫొటో తీసుకుని వస్తే మీ టీవీకి తగ్గట్టు ఇక్కడే అన్నీ సరిచేసి పంపుతాను. రసీదు పోయినా పరవాలేదు, మీ పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. ఈసారి మిమ్మల్ని బాగా ఇబ్బందిపెట్టిన ఫైలునే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అది మీ కళ్లముందు మొదటి నుంచి చివరి దాకా నడిచాకే పెట్టెను ఇంటికి తీసుకువెళ్లండి.