బండి మీద 3,500 కిలోలని ఉన్నా ఏడుగురుంటే పెద్ద కారవాన్ ఎందుకు ఇవ్వం

నమస్తే అండీ. మెల్‌బోర్న్ వెస్ట్‌లో మా దగ్గర కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) అద్దెకు తీసుకునేవాళ్లకూ, ఈ వేసవి సెలవులకు తీసుకుందామని ఆలోచిస్తున్నవాళ్లకూ ఇది రాస్తున్నాం. ఇన్నాళ్లూ మేం కారవాన్ మాత్రమే ఇచ్చేవాళ్లం, లాగే బండి మీరే తెచ్చుకునేవారు. ఇకమీదట కావాలంటే బండి కూడా మా దగ్గరే దొరుకుతుంది. ఫోర్డ్ ఎవరెస్ట్ కొన్నాం, 3.0 లీటర్ల వీ6 డీజిల్. దాంతోపాటు ఒక నిబంధన కూడా పెట్టాం. కారులో ఏడుగురు ఎక్కితే పెద్ద కారవాన్ ఇవ్వం. కారు మీదైనా సరే, మాదైనా సరే. ఇది కొందరికి నచ్చదని తెలుసు, అందుకే లెక్కలతో సహా చెబుతున్నాం.

వాట్సాప్‌లో మాకు ఎక్కువగా వచ్చే మాట ఇది: "అన్నా, మా బండి మూడున్నర టన్నులు లాగుతుందని కంపెనీవాళ్లే రాశారు. మీ కారవాన్ 2,750 కిలోలే కదా, ఇంకేం ఇబ్బంది?" అడిగినవాళ్ల తప్పేం లేదు. షోరూములో ఎవరైనా ముందు చూపించేది ఆ ఒక్క అంకెనే. ఇసుజు ఎంయూ-ఎక్స్, ఫోర్డ్ ఎవరెస్ట్, కొత్త ప్రాడో, మూడింటికీ అదే 3,500. పాత 150 సిరీస్ ప్రాడోకు మహా అయితే 3,000, పజేరో స్పోర్ట్ 3,100. కియా సోరెంటో డీజిల్ 2,000 దగ్గర ఆగిపోతుంది. దానికి మా చిన్న కారవాన్ చాలు.

కానీ లాగడం ఒక్కటే కాదు, మోయడం కూడా ఉంది. ప్రతి బండికీ దాని ఖాళీ బరువు, మనుషులు, సామాను, టో బాల్ (కారవాన్ తగిలించే గుండు) మీద పడే బరువు అన్నీ కలిపి ఇంతకు మించకూడదని ఒక హద్దు ఉంటుంది, దాన్నే జీవీఎం అంటారు. కారు, కారవాన్ రెండూ కలిపి దాటకూడని హద్దు జీసీఎం. మన కుటుంబాలు ఇరుక్కునేది మొదటి దాని దగ్గర.

మా కస్టమర్లలో చాలామంది దగ్గర ఎంయూ-ఎక్స్ ఉంది కాబట్టి దాంతోనే లెక్క వేద్దాం. దాని జీవీఎం 2,800 కిలోలు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో పై మోడల్ ఖాళీ బరువు దాదాపు 2,175. అంటే మోయగలిగేది 625. టో బార్, బ్రేక్ కంట్రోలర్, వైరింగ్ వగైరాలకు ఒక 35 తీసేయండి, 590 మిగిలింది. మా పెద్ద కారవాన్ నిండా సర్దితే 2,750 కిలోలు తూగుతుంది, అందులో పదో వంతు టో బాల్ మీద పడుతుంది. అంటే 275. అది కారవాన్ బరువే అయినా మోసేది మీ కారు వెనక చక్రాలు, కాబట్టి మీ కారు లెక్కలోకే వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. ఇప్పుడు మిగిలింది 315. భార్యాభర్తలిద్దరూ కలిపి 145, ముగ్గురు పిల్లలు 90. ఇంకా 80 కిలోలున్నాయి. ఫరవాలేదు, డిక్కీలో రెండు బ్యాగులు, ఒక ఐస్ బాక్స్ పెట్టుకుని గ్రాంపియన్స్ వెళ్లిరావచ్చు.

ఈలోగా విజిటర్ వీసా మీద విజయవాడ నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లకు ఆస్ట్రేలియా చూపించాలనే కదా అసలు కారవాన్ అడిగింది. ఇద్దరూ కలిసి 130 కిలోలు. డిక్కీలో ఒక్క చెంబు కూడా పెట్టకముందే హద్దు మీద 50 కిలోలు ఎక్కువైంది. ఏడు సీట్ల బండి అని కొన్నదే వాళ్లు వస్తారని. ఏడు సీట్లూ నిండితే ఆ బండి పెద్ద కారవాన్‌ని లాగడానికి పనికిరాదు.

ఇక పూర్తి 3,500 కిలోలు లాగాలంటే సంగతేంటో చూడండి. ఎంయూ-ఎక్స్ జీసీఎం 5,900. అందులోంచి 3,500 తీసేస్తే కారుకు మిగిలేది 2,400. ఖాళీ బండే 2,175, టో బార్ వగైరాలు 35 కదా, మిగిలేది 190. అంటే ఇద్దరు పెద్దవాళ్లు, కాస్త సామాను, అంతే. బ్రోషర్‌లో ఉన్న అంకె అబద్ధం కాదు, అది మీ ఇంటి లెక్క కాదంతే.

"పోలీసులు తూకం వేస్తారా ఏంటి?" అని నవ్వేవాళ్లున్నారు. రోడ్డు పక్కన ఆపి తూచిన సందర్భాలూ ఉన్నాయి. దానికన్నా మాకు భయం వేరే. బరువు వెనక్కి ఎక్కువై ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ మాట వినదు. లారీ ఓవర్‌టేక్ చేసినప్పుడో, ఏటవాలు దిగేటప్పుడో కారవాన్ ఊగడం మొదలైతే కారును కూడా అటూ ఇటూ లాగేస్తుంది. అలాంటప్పుడు ప్రమాదం జరిగి బరువు హద్దు దాటిందని తేలితే ఇన్సూరెన్సువాళ్లు క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు నష్టం మీదీ, మాదీ.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టుకుంటాం అంటారు కొందరు. మంచిదే, అది టో బాల్ బరువులో కొంత ముందు చక్రాలకు పంచుతుంది. కానీ బండి మోయగలిగే హద్దు దాంతో పెరగదు. సస్పెన్షన్ మార్పించి జీవీఎం చట్టబద్ధంగా పెంచుకోవచ్చు, దానికి వేల డాలర్లవుతుంది. ఏడాదికి రెండుసార్లు కారవాన్ తీసుకునే ఇంటికి ఆ ఖర్చు నేనైతే సలహా ఇవ్వను.

మరి ఎవరెస్టే ఎందుకు? నిజం చెప్పాలంటే మొదట మనసు ఎంయూ-ఎక్స్ మీదే ఉంది. ధర తక్కువ, 3.0 లీటర్ల డీజిల్ ఇంజిన్ మొండిది, 450 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) చాలామందికి సరిపోతుంది. అద్దె బండికి అంతకన్నా ఏం కావాలనుకున్నాం. కానీ అద్దె బండిని రకరకాల మనుషులు నడుపుతారు, అందులో కారవాన్ లాగడం తొలిసారి అయినవాళ్లే ఎక్కువ. బాకస్ మార్ష్ దాటాక వెస్టర్న్ ఫ్రీవేలో పెంట్‌లాండ్ హిల్స్ ఎక్కేటప్పుడు వెనక రెండున్నర టన్నులకు పైన ఉంటే బండికి ఊపిరి మిగలాలి, లేకపోతే డ్రైవరు కంగారుపడి తొక్కేస్తాడు. ఎవరెస్ట్ వీ6లో 184 కిలోవాట్లు, 600 న్యూటన్ మీటర్లు, పది గేర్ల ఆటోమేటిక్. ఎక్కుడులో పెద్దగా అరవకుండా పోతుంది, దిగేటప్పుడు చిన్న గేరులో తనే బండిని పట్టి ఉంచుతుంది. జీవీఎం 3,150, జీసీఎం 6,250. ఖాళీ బరువు రెండున్నర టన్నులకు కొంచెం తక్కువ. అంటే మోయడానికి దాదాపు 700 కిలోలు దొరుకుతుంది, ఎంయూ-ఎక్స్ కన్నా ఓ 75 ఎక్కువ. వినడానికి చిన్నదే, అమ్మమ్మ ఒకరు హాయిగా కూర్చునేంత.

అయినా ఏడుగురూ పెద్ద కారవానూ అంటే ఇందులో కూడా మిగిలేది పాతిక కిలోలు. అందుకే నిబంధన మా బండికి కూడా వర్తిస్తుందన్నాను. పైగా మూడో వరుస సీట్లు పెద్దవాళ్లకు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టి హాల్స్ గ్యాప్ దాకా తీసుకెళ్తే ఆయన మిమ్మల్ని క్షమిస్తారేమో, మమ్మల్ని క్షమించరు.

కొత్త ప్రాడో గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 చివర్లో వచ్చిన 250 సిరీస్‌లో 150 కిలోవాట్లు, 500 న్యూటన్ మీటర్లు, ఎనిమిది గేర్లు. 110 లీటర్ల ట్యాంకు చూస్తే నాకూ ఆశ పుట్టింది, ఎందుకంటే ఎవరెస్ట్‌లో 80 లీటర్లే. కారవాన్ వెనక ఉంటే నూరు కిలోమీటర్లకు 15 నుంచి 18 లీటర్లు తాగుతుంది, కాబట్టి 80 లీటర్లతో 400 కిలోమీటర్లకే బంకు వెతుక్కోవాలి. కానీ ప్రాడో ధర మా అద్దెలోంచి తిరిగి రాదు. పాత పజేరో స్పోర్ట్ కూడా చూశాం. 2025లో కొత్త ఎమర్జెన్సీ బ్రేకింగ్ నిబంధన వచ్చాక అది ఇక్కడి షోరూముల్లోంచి తప్పుకుంది, సెకండ్ హ్యాండ్‌లో మాత్రం దొరుకుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి, చిన్న కారవాన్‌కి అది మంచి బేరమే అని నా అభిప్రాయం. వ్యాపారానికి మాత్రం వద్దనుకున్నాం.

ఇంకో మాట, వ్యాపారానికి లాభం లేకపోయినా చెప్పాలి. కారవాన్ కోసమని మీరు డీజిల్ ఎస్‌యూవీ కొనకండి, ముఖ్యంగా టార్నిట్ ఇంటి నుంచి స్టేషన్ దాకా, పిల్లల స్కూలు దాకా తిరగడమే మీ రోజువారీ పని అయితే. డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కాసేపు హైవే మీద పోవాలి. ఐదు కిలోమీటర్లు పోయి ఆగే బండికి ఆ అవకాశం రాదు, ఫిల్టర్ పూడుకుపోతుంది, బాగుచేయించడం ఖరీదు. అలాంటివాళ్లు ఇంట్లో హైబ్రిడ్ పెట్టుకోవడమే మంచిది. క్లూగర్ హైబ్రిడ్ అయితే 2,000 కిలోల దాకా లాగుతుంది కూడా, మా చిన్న కారవాన్ 1,900 కాబట్టి సరిపోతుంది. పెద్దది కావాల్సిన ఆ నాలుగు రోజులకు డీజిల్ మా దగ్గర తీసుకోండి. ఎలక్ట్రిక్ గురించి అడిగేవాళ్లకు: కియా ఈవీ9లో ఆల్ వీల్ డ్రైవ్ మోడళ్లు 2,500 కిలోలు లాగుతాయి. కానీ కారవాన్ తగిలిస్తే రేంజ్ సగానికి దగ్గరగా పడిపోతుంది, చాలా చోట్ల ఛార్జర్ దగ్గర కారవాన్ విప్పి పక్కన పెట్టాల్సిందే. పిల్లలు ఏడుస్తుంటే ఆ పని చేసి చూడండి.

ఇప్పుడు ఏడుగురు ఉన్న ఇళ్లకు మేం చెప్పే దారి. చిన్న కారవాన్ తీసుకోండి. టో బాల్ మీద 190 కిలోలే పడుతుంది, ఎవరెస్ట్‌లో ఏడుగురూ ఎక్కినా ఇంకా 110 కిలోలు మిగులుతుంది. చిన్నదాంట్లో నలుగురే పడుకోగలరు కాబట్టి అమ్మానాన్నలకు మీరు దిగే కారవాన్ పార్కులోనే ఒక క్యాబిన్ తీసుకోండి. నిజానికి బంక్ బెడ్డు మీదికి ఎక్కడం కన్నా, రాత్రి రెండింటికి బాత్రూం వెతుక్కోవడం కన్నా వాళ్లకు అదే సుఖం. లేదంటే రెండు కార్లలో వెళ్లండి, పెద్ద కారవాన్ లాగే కారులో ఐదుగురే ఉంటే మాకు అభ్యంతరం లేదు.

సామాను సంగతి. ఏడు సీట్లు వాడితే డిక్కీ ఉండదు, అంతా కారవాన్‌లోకే వెళ్తుంది. బరువైనవి చక్రాల మీదుగా, నేలకు దగ్గరగా పెట్టండి, వెనక మూలన కాదు. నీళ్ల ట్యాంకులు రెండూ నిండితే 190 కిలోలు, పార్కుకు చేరాక నింపుకోండి. పది కిలోల బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, అవి లేకుండా మనం ఎక్కడికీ వెళ్లం. వెట్ గ్రైండర్ మాత్రం వద్దు, దయచేసి. పిండి ఇంట్లోనే రుబ్బుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఇకనుంచి పెద్ద కారవాన్ తీసుకునేవాళ్లు అన్నీ సర్దుకుని, అందరూ ఎక్కి బయల్దేరే రోజున మాతో పాటు దగ్గర్లోని పబ్లిక్ వేబ్రిడ్జికి వస్తారు. మన ఊళ్లలో ధాన్యం లారీలు తూచే కాటాలాంటిదే. ఫీజు మాదే. ఎక్కువ తూగితే అక్కడే దించేస్తాం, దించిన సామాను మా షెడ్డులో భద్రంగా ఉంటుంది. ఈ పనికి అరగంట పడుతుంది, ప్లాన్‌లో చేర్చుకోండి.

ఎవరెస్ట్‌తో కలిపి పెద్ద కారవాన్ అద్దె రోజుకు 290 డాలర్లు, చిన్నదైతే 240. మీ బండే తెచ్చుకుంటే పాత రేటే. కారు అద్దెకిచ్చే వ్యాపారానికి ఇన్సూరెన్స్ ఎంత అడుగుతారో విన్నాక దీనికన్నా తగ్గించలేకపోయాం. డీజిల్ మీదే. లీటరు రెండు డాలర్లు అనుకుంటే నూరు కిలోమీటర్లకు 30 నుంచి 36 డాలర్లు వేసుకోండి. మా బండి నడిపేవాళ్లకు పాతికేళ్లు నిండి, ఫుల్ లైసెన్స్ ఉండాలి. సిడ్నీ వైపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, ఆల్బరీ దాటాక రోడ్డు మీద 110 అని రాసి ఉన్నా పెద్ద కారవాన్‌తో మీకు 100 మాత్రమే. గ్రేట్ ఓషన్ రోడ్ చూడాలనుకునేవాళ్లు లోర్న్ మలుపుల్లోకి పెద్దది తీసుకెళ్లకండి. కోలాక్ మీదుగా వెళ్లి పార్కులో కారవాన్ విప్పి, కారులో తిరగండి.

జనవరి సెలవుల బుకింగ్ వచ్చే సోమవారం తెరుస్తున్నాం. మెసేజ్ పెట్టేటప్పుడు మీ బండి మోడల్, సంవత్సరం, డ్రైవరు తలుపు దగ్గర ఉండే ప్లేటు ఫొటో, ఎంతమంది వస్తున్నారో రాయండి. పిల్లల వయసు కూడా. మిగతా లెక్క మేం వేసి పంపుతాం.