భౌతికశాస్త్ర విభాగ పూర్వ విద్యార్థుల సంఘం, శ్రీకాకుళం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారములు.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా శ్రమించింది ప్రయోగశాల విషయంలోనే. ఎం.ఎస్సీ.లో కొత్తగా చేరిన పిల్లల్లో చాలామంది, రికార్డులో గురుత్వ త్వరణం 980 రావాలి కాబట్టి, లఘులోలకం డోలన కాలాన్ని వెనక్కి లెక్కగట్టి రాస్తున్నారని అధ్యాపకులు మా దృష్టికి తెచ్చారు. (మన రోజుల్లో మనమూ ఆ పని చేసినవాళ్లమే.) నిజానికి ఆ విలువ భూమధ్యరేఖ దగ్గర 978 సెం.మీ./సె², ధ్రువాల దగ్గర 983, 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న మన ఊరికి లెక్క ప్రకారం రావలసింది దాదాపు 978.5. మీటరు పొడవు లోలకంతో 50 డోలనాలు లెక్కపెట్టేటప్పుడు స్టాప్‌వాచీ నొక్కడంలో సెకనులో పదో వంతు తేడా వచ్చినా ఫలితం దాదాపు 2 సెం.మీ./సె² మారిపోతుంది కనుక, అంకెతో పాటు దోషం ఎంతో కూడా రాస్తేనే ఇకపై రికార్డు మీద సంతకం పెట్టాలని విభాగంలో నిర్ణయించారు. అందుకు కావలసిన స్టాప్‌వాచీలను సంఘం సమకూర్చింది.

పరిశోధన విషయంలో చెప్పుకోదగ్గది తక్కువ. పదార్థంలో అణువుల అమరికను తెలిపే ఎక్స్-రే వివర్తన పరీక్ష కోసం ఒక బయటి సంస్థకు పంపిన నమూనాల ఫలితాలు నెలల తరబడి రాలేదు. పరిశోధక విద్యార్థుల ప్రయాణ ఖర్చు మాత్రం మనం భరించగలిగాం.

మే రెండో వారంలో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు వస్తువులకు పక్కన నీడ పడని ‘నీడ లేని రోజు’ను విభాగం ఆవరణలో జరిపాం. వేసవి సెలవులైనా పిల్లలు బాగానే వచ్చారు. డ్రాయింగు బోర్డు మీద మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, పక్కన ఒక స్టీలు గ్లాసు బోర్లించాం. ఆహ్వానపత్రంలో మధ్యాహ్నం 12 గంటలని అచ్చు వేయడం మా పొరపాటు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. మనం 84కి దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు మనకు ఐదారు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. భూకక్ష్య అండాకారం వల్ల, భూమి అక్షం వాలు వల్ల మే నెలలో మరో మూడున్నర నిమిషాలు కలుస్తాయి. అలా 11 గంటల 51 నిమిషాలకే గొట్టం నీడ దాని అడుగున ఇమిడిపోయింది. ముఖ్య అతిథి సరిగ్గా పన్నెండింటికి వచ్చేసరికి తూర్పు వైపు దాదాపు నాలుగు సెంటీమీటర్ల నీడ మళ్లీ పొడుచుకొచ్చింది. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, పిల్లలు ఊరుకోలేదు. జూలై ఆఖరున మళ్లీ ప్రయత్నిస్తే మబ్బు పట్టింది.

అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకడం గురించి రెండు పాఠశాలల్లో మాట్లాడాం. డిసెంబరు 21కి అటూ ఇటూ దాదాపు 80 రోజుల దూరంలో ఉండే ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఇంచుమించు ఒకే చోట, తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, ఉదయిస్తాడు. భూగోళం బొమ్మతో చెబితే తలూపిన పిల్లలు, మేడ మీది నుంచి సూర్యోదయాన్ని నెలకోసారి గుర్తు పెట్టమంటే నిజంగా చూడసాగారు.

జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో ఉంచుతాం. వచ్చే మే ఆహ్వానపత్రాన్ని మాత్రం సమయం లెక్కగట్టి, విభాగంలోని మాస్టార్లకు చూపించాకే అచ్చుకు ఇస్తాం.

— కార్యదర్శి