నవంబరు 16 రాత్రి నేను చేసిన కాల్స్ ఒకసారి వినండి

విజయనగరం,
9 డిసెంబరు 2024.

కస్టమర్ సర్వీస్ విభాగం పెద్దలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం టైరు గురించే అనుకుంటే మీవాళ్లు మళ్లీ "టైర్ ఇష్యూ" అని రాసి పక్కన పడేస్తారు. అందుకే ముందుగానే చెబుతున్నాను. మీ దగ్గర కొన్న నా కారు టైరులో మేకు దిగడం మీ తప్పు అనడం లేదు. హైవే మీద ఎవరి బండికైనా దిగుతుంది. కానీ ఆ రాత్రి ఏడింటి నుంచి ఈ రోజు దాకా, 23 రోజులుగా, మీ కంపెనీలో నా మాట మొదటి నుంచి చివరి దాకా విన్న మనిషి ఒక్కరూ లేరు. నా బాధంతా అదే.

కార్తీక పౌర్ణమికి మా అమ్మను పూరీ తీసుకెళ్లాను. ఆవిడకు 74 ఏళ్లు, షుగరుంది, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. నాన్నగారు పోయిన దగ్గర్నుంచి జగన్నాథుణ్ణి ఒక్కసారి చూపించమని అడుగుతూనే ఉంది. దర్శనం బాగా జరిగింది. 16వ తేదీ శనివారం అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను తిరుగు ప్రయాణమయ్యాం. బరంపురం దాటి ఇచ్ఛాపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చేసరికి చీకటి పడిపోయింది. "ఇంక మన ఊళ్లొచ్చేశాయి, భయం లేదు నాయనా" అంది అమ్మ. కంచిలి దగ్గర మీటరులో పసుపు లైటు వెలిగింది. వెనక ఎడమ టైరులో గాలి సున్నా అని చూపించింది.

దిగి చూస్తే టైరు మామూలుగానే నిలబడి ఉంది. రన్‌ఫ్లాట్ టైరు గోడలు గట్టివి కాబట్టి గాలి పోయినా కూలబడదని నాకు తెలుసు. బండి కొన్నప్పుడు మీ సేల్స్ అబ్బాయి డిక్కీ తెరిచి చూపించి "స్టెప్నీతో పని లేదు సార్, గాలి పోయినా 80 వేగంతో 80 కిలోమీటర్లు హాయిగా వెళ్లిపోవచ్చు" అన్నాడు. నమ్మాను. కానీ అక్కడి నుంచి విజయనగరం 150 కిలోమీటర్ల పైమాటే, మీ సర్వీస్ సెంటరున్న విశాఖపట్నమైతే 200 దాటుతుంది. మధ్యలో మీ కంపెనీ బోర్డు ఎక్కడా లేదు. ఈ లెక్క ఆ రోజు ఆ అబ్బాయీ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

నెమ్మదిగా పోనిచ్చి ఒక ధాబా పక్కనున్న పంచర్ షాపు దగ్గర ఆపాను. ఆ షాపతను సెల్‌ఫోన్ లైటు వేసి టైరంతా తడిమి చూశాడు. మేకు తల రోడ్డుకు అరిగి వెండి చుక్కలా మెరుస్తోంది. సబ్బు నీళ్లు పోస్తే బుడగలొచ్చాయి. "నడిమధ్యన దిగింది బాబూ, పక్కకి లేదు. టైరిప్పక్కర్లేదు, పైనుంచే పుల్ల పెట్టి గాలి కొట్టేత్తాను. పది నిముషాలు. నూటయాబై ఇప్పించండి సాలు" అన్నాడు. కన్నం మూసే రబ్బరు పుల్ల చేతిలోకి తీసుకున్నాడు కూడా.

నేనే ఆపాను. ఏటా డబ్బు కట్టి, దారిలో బండి ఆగితే వచ్చి ఆదుకునే మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నాను కదా, బయటివాళ్లు చెయ్యి పెడితే రేపు ఏ పేచీ వస్తుందోనని ముందు మీకు ఫోన్ చేశాను. అప్పుడు టైము 7 గంటల 12 నిమిషాలు.

తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కాను. తొమ్మిది నిమిషాలు పాట వినిపించి హిందీ మాట్లాడే అబ్బాయికి ఇచ్చారు. నాకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చాను. ఎక్కడున్నారంటే శ్రీకాకుళం జిల్లా అన్నాను. కాసేపు టకటకా కొట్టి, "శ్రీకాళహస్తి రాసుకున్నాను, తిరుపతి నుంచి బండి పంపిస్తాం" అన్నాడు. శ్రీకాళహస్తి ఎక్కడ, శ్రీకాకుళం ఎక్కడ! రాష్ట్రానికి ఆ కొసన అదుంటే ఈ కొసన ఇది. కాదు బాబూ, కంచిలి, ఇచ్ఛాపురం దగ్గర అని అక్షరం అక్షరం పలికాను. ఇచ్ఛాపురం అనగానే "అయితే మీరు ఒడిశా టీమ్‌తో మాట్లాడాలి" అని లైను మార్చాడు. ఒడిశా టీమ్‌లో అమ్మాయి అంతా వివరంగా అడిగి రాసుకుంది. చివర్లో పిన్‌కోడ్ చెప్పగానే "ఇది ఆంధ్రా సార్, మాకు రాదు" అని పెట్టేసింది. మా వైపు ఊళ్లు మీ మ్యాపులో ఏ రాష్ట్రానికీ చెందకపోతే ఏటేటా మా దగ్గర డబ్బు ఏ లెక్కన తీసుకుంటున్నారు?

మళ్లీ చేశాను. 7:31కి మొదలైన ఈ కాల్ గురించే నేను ఇంత దూరం రాస్తున్నది. ఈసారి తెలుగు వచ్చిన ఆయన దొరికాడు. ప్రాణం లేచొచ్చింది. పంచర్ షాపు దగ్గరే ఉన్నాను, ఇతను పుల్ల వేస్తానంటున్నాడు, వేయించుకోనా అని అడిగాను. "వద్దు సార్, అస్సలు వద్దు. బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్నాడు. మరి ఏం చేయమంటారు, పెద్దావిడ ఉంది, పిల్లలున్నారు అన్నాను. "మీది రన్‌ఫ్లాట్ కదా సార్. ధైర్యంగా నడపండి. పలాస దాకా వెళ్లిపోండి, అక్కడికి బండి పంపిస్తాం" అన్నాడు. నిజంగా నడపవచ్చా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నడపమన్నాడు. నా పక్కన అమ్మ ఉంది, స్పీకరు పెట్టి మాట్లాడాను, ఆవిడా విన్నది.

షాపతను తల అడ్డంగా ఊపాడు. "గాలి నేకుండా నడిపితే లోపల్లోపల నలిగిపోద్ది బాబూ" అన్నాడు. పదో తరగతి కూడా చదవలేదన్న అతను చెప్పిన మాట పక్కన పెట్టి పెద్ద కంపెనీ మాట విన్నాను. అతనికి డబ్బులివ్వబోతే ఏ పనీ చేయలేదుగా అని తీసుకోలేదు.

పలాస దాకా యాభై దాటకుండా నడిపాను. సగం దారిలోనే రబ్బరు కాలిన వాసన మొదలైంది. పిల్లలు ముక్కు మూసుకున్నారు. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ దగ్గర ఆపి టైరు పక్కన చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది. మీకు ఫోన్ చేస్తే ఇంకో కొత్త గొంతు. "మీరు చెప్పిన చోట లేరు సార్, లొకేషన్ మారింది కాబట్టి పాత కంప్లయింట్ టికెట్ క్లోజ్ అయింది, కొత్తది పెట్టాలి" అన్నాడు. మారమన్నది మీరే కదయ్యా అంటే "నా సిస్టమ్‌లో అలా లేదు" అన్నాడు. కథ మళ్లీ మొదటికొచ్చింది. పేరు, బండి నంబరు, ఊరు, పిన్‌కోడ్. ఆ రాత్రి నా బండి నంబరు ఏడుసార్లు చెప్పాను. నాతో మాట్లాడిన ఏడుగురిలో ఒక్కరూ అంతకు ముందువాళ్లు రాసింది చదవలేదు.

10 గంటల 47 నిమిషాలకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ బండి బయల్దేరిందని వచ్చిందేమోనని ఆత్రంగా చూశాను. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని ఉంది. అప్పటికి మా అమ్మ మూతపడిన ఒక కొట్టు అరుగు మీద కూర్చుని ఉంది. వేళకు భోజనం లేక నీరసపడి చేతులు వణుకుతున్నాయి. నా భార్య పూరీ నుంచి తెచ్చిన ఖాజా విరిచి నోట్లో పెట్టింది. చుట్టాలకు పంచడానికని తెచ్చిన ప్రసాదం అది. ఆ మెసేజ్ నా దగ్గర అలాగే ఉంచాను, చెరపలేదు.

హైవే వాళ్ల 1033 నంబరుకు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వచ్చి, లారీలు తగలకుండా నా కారు వెనక కోన్లు పెట్టి, మంచినీళ్లిచ్చి వెళ్లారు. వాళ్లకు నేను పైసా కట్టలేదు.

కారును ఎక్కించుకుపోయే మీ లారీ తెల్లవారుజామున 3:40కి వచ్చింది. డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. మిగతావాళ్లు ఎలా వెళ్తారన్న ప్రశ్న మీలో ఎవరికీ తట్టలేదు. అమ్మను, భార్యను, పిల్లలను పలాస స్టేషన్‌కు ఆటోలో తీసుకెళ్లి పాసింజరు ఎక్కించి వచ్చి, నేను లారీలో విశాఖ బయల్దేరాను. పైగా మీ ప్లానులో 50 కిలోమీటర్ల వరకే ఉచితమట, మిగతా దూరానికి 9,800 రూపాయలు అక్కడికక్కడే కట్టించుకున్నారు.

విశాఖలో మూడో రోజు టైరు ఊడదీసి మీ సర్వీస్ అడ్వైజర్ నన్ను పిలిచి చూపించాడు. లోపల చెయ్యి పెడితే గసగసాల్లా నల్లటి రబ్బరు పొడి గుప్పెడొచ్చింది. లోపలి గోడ పొరలు పొరలుగా లేచిపోయింది. "గాలి లేకుండా చాలా దూరం నడిపారు సార్, ఇది కస్టమర్ నిర్లక్ష్యం కిందకు వస్తుంది, వారంటీ రాదు" అన్నాడు. మీవాళ్లే నడపమన్నారు, కాల్ రికార్డు తీయండి అన్నాను. "కాల్ సెంటర్ మాది కాదు సార్, వాళ్లకు మెయిల్ పెట్టండి" అన్నాడు. మెయిల్ పెట్టాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని నిమిషంలో జవాబొచ్చింది. మనిషి రాసింది కాదని తెలుస్తూనే ఉంది. మరో మూడు మెయిళ్లకు అక్షరం తేడా లేకుండా అదే జవాబు. కాల్ సెంటరుకు చేస్తే షోరూంకు వెళ్లమంటారు, షోరూంకు వెళ్తే మేనేజర్ గారు మీటింగులో ఉంటారు. కొట్టు వదిలి నాలుగుసార్లు విశాఖ వెళ్లాను. ఒక రోజు రెండున్నర గంటలు అద్దాల గది బయట కూర్చున్నాను. మేనేజర్ గారు బయటికొచ్చి, నన్ను చూసి, వెనక గుమ్మం గుండా వెళ్లిపోయారు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాళ్లు లేరు. టైరు స్టాకు లేదని బండి తొమ్మిది రోజులు అక్కడే పెట్టుకుని, ఒకటి మారిస్తే జత కుదరదని రెండు టైర్లకు 61,000 బిల్లు వేశారు.

నాకు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర బట్టల కొట్టుంది. మా నాన్నగారు పెట్టింది. ఒకసారి భోగాపురం నుంచి ఒకావిడ మొదటి ఉతుకుకే రంగు దిగిన చీర పట్టుకొచ్చింది. ఉప్పు నీళ్లలో నానబెట్టమని మేం చెప్పిన మాట ఆవిడ పాటించలేదు. అయినా మా నాన్నగారు ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా విని, చీర మార్చి పంపారు. ఆ ఇంట్లో మూడో తరం ఇప్పుడు మా కొట్టుకే వస్తోంది. మీ కంపెనీ నుంచి నేను 2017లో ఒక బండి, 2022లో ఈ బండి కొన్నాను. రెండింటినీ ముందు పైడితల్లి అమ్మవారి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాకే ఇంటికి తెచ్చాను. నా మాట మీద మా బావమరిది, ఇంకో స్నేహితుడు మీ దగ్గరే కొన్నారు. ఇప్పుడు వాళ్లు "నీకే ఇలా అయితే మా గతేంటి" అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను.

టైర్ల డబ్బు, లారీ డబ్బు తిరిగి ఇవ్వాలి. అది న్యాయం కాబట్టి అడుగుతున్నాను. అంతకంటే ముందు ఆ రాత్రి నన్ను నడపమన్నది మీ మనిషేనని ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం కావాలి. నిర్లక్ష్యం అని నా ఫైల్లో రాసిన మాట కొట్టేయాలి. మా అమ్మకు ఎవరైనా ఫోన్ చేసి తెలుగులో క్షమాపణ చెప్పాలి. విశాఖకూ బరంపురానికీ మధ్య ఇంత పొడవు హైవే మీద ఒక్క చోటైనా ఈ టైర్లు దొరికేలా చూడాలి. అది చేతకాకపోతే మా వైపు వాళ్లకు అమ్మేటప్పుడే స్టెప్నీ ఇవ్వండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, మీ హెడ్డాఫీసున్న ఊరికి రానక్కర్లేదు. రెండేళ్ల గడువుంది, నాకు తొందరేం లేదు. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయిస్తాను. కొట్టుకు రోజూ వచ్చే వందమందికీ ఈ సంగతి చెబుతాను. టికెట్ నంబర్లు ఐదూ, ఆ రాత్రి మెసేజ్ ఫొటో, బిల్లులు జత చేశాను.

ప్రతి కాల్ మొదట్లో "నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది" అని చెబుతారు కదా. 7:31కి మొదలైన కాల్ పదకొండు నిమిషాలుంది. నాకు జవాబు రాసే ముందు మీలో ఒక్కరు కూర్చుని ఆ పదకొండు నిమిషాలూ వినండి. ఆపకుండా, చివరి దాకా. విన్నాక ఫోన్ చేయండి. ఉదయం పది నుంచి కొట్టులోనే ఉంటాను.

ఇట్లు,
ఏడేళ్లుగా మీ కస్టమర్,
విజయనగరం.