పంతొమ్మిదో కాగితం ఖాళీగా పెట్టి కుట్టిన బాబాయికి

వారం రోజులుగా రాద్దామనుకుంటున్నా, కూర్చుంటే చాలు నిద్ర ముంచుకొస్తోంది. చేతులకి బ్లీచింగ్ వాసన ఇంకా పోలేదు. అయినా ఇవాళ రాసేయాలి. ఇంకో నాలుగు రోజులు పోతే మామూలు మనిషినై అన్నీ సర్దుకుని రాస్తాను, అప్పుడు ఇది ఇలా రాదు.

తెలియనివాళ్ళ కోసం: నేను పిల్లల పుస్తకాలు రాస్తాను. రెండు చిన్న నవలలు, మూడు బొమ్మల పుస్తకాలు. బొమ్మలు కూడా నేనే వేసుకుంటాను, అచ్చు సొంత ఖర్చే, జనవరిలో పుస్తకాల పండగ వస్తే ఎవరో ఒకరి స్టాల్లో ఓ మూల బల్ల అడుక్కుని అమ్ముకుంటాను. మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో, కింది వాటా. వరద ముంచింది అక్కడే, ఇంక చెప్పక్కర్లేదు కదా.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తోంది (అక్కడ మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది), మా మీదకేమో వెనక నుంచి బుడమేరు వాగు వచ్చింది, గట్లు తెంచుకుని. లేచేసరికి వాకిట్లో నీళ్ళు, చూస్తుండగానే నడుం లోతు. పిల్లని, సర్టిఫికెట్లని, గ్యాస్ బండని పై వాటాకి చేర్చాం. మంచం కింద అట్టపెట్టెల్లో ఆరొందల పైచిలుకు కాపీలున్నాయన్న సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంటుంది. బీరువా కింది అరలో కొత్త పుస్తకం బొమ్మలు, 26 షీట్లు, ఇంకా స్కాన్ కూడా చేయించలేదు. ఆ పుస్తకం దేని గురించో తెలుసా? నీళ్ళంటే భయపడే గేదె దూడ కథ. నవ్వండి, నేనూ నవ్వాను, కాకపోతే నాలుగు రోజుల తర్వాత.

మంగళవారం మా అన్నయ్య ఛాతీ లోతు నీళ్ళలో దిగి ఆ షీట్లూ, చేతికందిన ఒక పెట్టె పుస్తకాలూ నెత్తిన పెట్టుకుని ఫ్లైఓవర్ దాకా తెచ్చాడు. మా ఆయన, అత్తయ్య, పటమట వదిన వాళ్ళు, వీళ్ళందరి గురించి ఏం రాయను, ఇంటివాళ్ళు. వాళ్ళకి తెలుసు.

నేను రాయాల్సింది ఏలూరు రోడ్డు వెనక సందులో ఉన్న బైండింగ్ బాబాయి గురించి. పేరు రాయొద్దన్నారు. తడిసిన షీట్లనీ పుస్తకాలనీ దుప్పట్లో చుట్టుకుని అప్పటికి రెండు షాపులు ఎక్కి దిగాను. "ఇంకేముందమ్మా, తూకానికి వేసెయ్యండి" అన్నారు. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ గొడవలు వాళ్ళవి. ఈయనది మెట్ల కింద గది. ఒక కటింగ్ మిషను, ఒక బల్ల, ఒక టేబుల్ ఫ్యాను. నేను దుప్పటి విప్పబోతే "ఆగమ్మాయ్, నువ్వు ముట్టుకోబాక" అన్నారు. ఆ ఒక్క మాటకే పోయిన ప్రాణం సగం లేచొచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా "ముట్టుకోబాక" అనేంత విలువ వాటికి ఇంకా ఉందని నాకే నమ్మకం లేదు.

ఎండ రాగానే డాబా మీద ఆరేస్తాను బాబాయ్ అన్నాను తెలివిగా. కసిరారు. ఎండకి పెడితే కాగితం వంకర్లు తిరిగి అప్పడమైపోతుందట. ఆర్ట్ పేపరు సంగతి ఇంకా ఘోరం, దాని మీదుండే నున్నటి పూత తడిస్తే జిగురవుతుంది, తడి మీదున్నప్పుడే ఒక్కో పేజీ విడదీయాలి, అతుక్కుని ఆరిందంటే ఇటుకే. నా బొమ్మల పుస్తకాలన్నీ మందపాటి ఆర్ట్ పేపరు. మెరవాలని ముచ్చటపడి డబ్బులు ఎక్కువ పోసి మరీ వేయించా. నవలలకి మాప్‌లితో అనే మామూలు పూత లేని కాగితం, అవి లావెక్కాయి గానీ పేజీలు తిరుగుతున్నాయి.

ముందు సెంటర్ పిన్నులన్నీ పీకేశారు, తుప్పు కాగితంలోకి పాకుతుందని. తర్వాత అచ్చు వేయని తెల్ల న్యూస్‌ప్రింట్ ముక్కలు పేజీకీ పేజీకీ మధ్య పెట్టడం, తడి పీల్చాక తీసి కొత్తవి పెట్టడం. అచ్చయిన పేపరు పెడితే ఆ సిరా మన బొమ్మకి అంటుతుందట. రాత్రి కూడా లేచి మార్చారని వాళ్ళావిడ చెబితే తెలిసింది. పెట్టెలో మొత్తం కాపీలు కాపాడలేమని నలభై మాత్రం ఏరుకోమన్నారు. ఏరాను. ఎలా ఏరానో అడగొద్దు.

గురువారం వెళ్ళేసరికి ఒరిజినల్ షీట్లు గదంతా పరిచి ఉన్నాయి, తాళ్ళ మీద, బల్ల మీద, ఆయన పడుకునే మడత మంచం మీద. ఇండియన్ ఇంకుతో గీసిన గీతలన్నీ నిలబడ్డాయి, వాటర్ కలర్ మాత్రం కడుక్కుపోయింది. దూడ ఉంది, ఆకాశం లేదు. నేను అది చూసుకుంటూ నిలబడితే ఆయన అడిగారు, "అమ్మాయ్, పంతొమ్మిది ముద్దైపోయింది, రాలేదు. పద్దెనిమిదిలో దూడ గట్టు మీద వణుకుతా ఉంది, ఇరవైలో ఒళ్ళంతా తడిసి ఉంది. మధ్యలో ఏమైంది, అదే దిగిందా, ఎవరన్నా తోశారా?"

రాత్రుళ్ళు కాగితాలు మారుస్తూ కథ చదువుకున్నారన్నమాట. నా పుస్తకాన్ని ఇంత జాగ్రత్తగా చదివిన పెద్దమనిషి ఇంతవరకూ లేరు, ముందుమాట రాసినవాళ్ళతో సహా. అదే దిగింది బాబాయ్, అన్నాను. "అట్టా చెప్పు," అని పంతొమ్మిదో దాని చోట ఒక ఖాళీ డ్రాయింగ్ షీటు పెట్టి, అన్నీ కలిపి కుట్టి, పైన గుడ్డ అట్ట వేసి ఇచ్చారు. "అది గీసి మళ్ళీ తీసుకురా, చూడాలి." ఆదివారం నుంచి ఏడవని దాన్ని ఆ మెట్ల కింద నిలబడి ఏడ్చాను. డబ్బులిస్తే కాగితం ఖరీదు 340 తీసుకుని మిగతావి నా సంచిలో పడేశారు.

ఒక్క మాట కడుపులో ఉంది, అదీ రాసేస్తాను. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ఫ్రిజ్జు, టీవీ, వాషింగ్ మిషను, బండి అని ఒక్కోటీ ఫోన్లో నొక్కుకుంటూ పోయారు. పుస్తకాలు అన్నాను. "స్కూలు పుస్తకాలా?" కాదండీ, నేను రాసినవి. "షాపు ఉందా?" లేదు. "మరి ఎందులో వెయ్యమంటారు?" కింది వాటా ఇళ్ళకి 25,000 ప్రకటించారు, అది వస్తే కాదనను, కానీ ఇంట్లో పుస్తకాలుండటం సామానూ కాదు, వ్యాపారమూ కాదు అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది, చాలామందికి తెలియదు. ఆ పైసలతో పిల్లల పుస్తకాలు కొనండని రెండేళ్ళుగా ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా, ఫైలు పైకెళ్ళింది అంటారు. వరద రోజు కూడా అది పైనే ఉండి ఉంటుంది, తడిసుండదు. సరే, వద్దులే, కృతజ్ఞతలు చెప్పడానికి కదా వచ్చింది.

అయ్యో, ఐస్‌క్రీమ్ షాపు తమ్ముడిని మర్చిపోయాను! తడి పుస్తకాలు గడ్డకట్టిస్తే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా విడదీసుకోవచ్చు అని లైబ్రరీ సైన్స్ చదివిన ఒకమ్మాయి వాట్సాప్‌లో చెప్పింది (నీకూ థాంక్స్ తల్లీ, నీ నంబరు తడిసిన ఫోన్లో పోయింది, మళ్ళీ మెసేజ్ పెట్టు). బాబాయి నమ్మలేదు గానీ పక్క షాపులో అడిగారు. ఆ తమ్ముడు బటర్‌స్కాచ్ డబ్బాలు పక్కకి జరిపి వారం పాటు నా నలభై పుస్తకాలు డీప్ ఫ్రీజర్లో పెట్టుకున్నాడు.

ఫ్లైఓవర్ దగ్గర అన్నయ్యని ట్రాక్టర్ ఎక్కించుకున్నవాళ్ళు, ఎవరో తెలియదు. మా పక్కింటి పైవాటా ఆంటీ, నాలుగు రోజులు మీ గదిలోనే పడుకున్నాం, మీ పేరు ముందే రావాల్సింది. గుంటూరు నుంచి రెండు పెట్టెల రంగులూ బ్రష్షులూ పంపిన డ్రాయింగ్ మాస్టారికి.

ఇంకా ఆ పడవలో పాలప్యాకెట్ విసిరిన అబ్బాయి. పట్టుకోలేక నీళ్ళలో పడేస్తే వెనక్కి తిప్పి ఇంకోటి ఇచ్చాడు.