తూచిన పెల్లెట్లకు ఇక అదనపు ధర తీసుకోము

మా ఖాతాదారులందరికీ నమస్కారం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్లను, అంటే అందులో వాడే చిన్న గుళ్లను, ఒక్కొక్కటిగా తూచి, బరువుల వారీగా వేరు చేసి, డబ్బాకు కొంత అదనంగా తీసుకుని అమ్ముతున్న సంగతి మీకు తెలిసిందే. ఈ నెలతో ఆ పని ఆపివేస్తున్నాము.

అదనపు ధర పెట్టి కొన్న డబ్బాతో కూడా తమ అమ్మాయి గ్రూప్ (వరుసగా కాల్చిన పెల్లెట్ల రంధ్రాల గుంపు) దగ్గరపడలేదని ఒక తల్లి వచ్చి చెప్పారు. ఆ రైఫిల్‌నే కదలకుండా బిగించి, తూచినవీ తూచనివీ మార్చి మార్చి కాల్చి చూస్తే, కాగితం మీద ఏ గ్రూప్ దేనిదో మేమే చెప్పలేకపోయాము. అదే కంపెనీ, అదే రకం, కానీ మరో లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) డబ్బా తెరిచి కాల్చగానే ఐదు పెల్లెట్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోయాయి.

అమెరికాలో తూటాలను స్వయంగా నింపుకునే రైఫిల్ షూటర్లు తుపాకీ మందునూ బుల్లెట్‌నూ తూచే పద్ధతి చూసి మేము ఇది మొదలుపెట్టాము. అయితే వాళ్ల చేతిలో మందు కొలత ఉంటుంది. ఎయిర్ రైఫిల్‌లో తోసేది గాలి. 0.53 గ్రాముల పెల్లెట్‌లో 0.01 గ్రాము తేడా ఉన్నా, సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్లే ఆ పెల్లెట్ లక్ష్యం దగ్గర పైకో కిందికో జరిగేది మిల్లీమీటరులో మూడో వంతు. పెల్లెట్ తల 4.49 మిల్లీమీటర్లా, 4.50నా, 4.51నా, అది మీ బ్యారెల్‌లో ఎలా కూర్చుంటుంది అన్నదే మా పరీక్షలో ఎక్కువ తేడా చూపింది. పైగా భూతద్దం కింద చూసినప్పుడు, మా పట్టకారు నొక్కుకు కొన్ని పెల్లెట్ల వెనుక వైపు విచ్చుకుని ఉండే పలుచని స్కర్ట్ అంచు వంగి కనిపించింది. ఇది మమ్మల్ని నిజంగా బాధించింది.

చిన్న తేడాలను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచినప్పుడు రజతం 701.5 దగ్గర ఉంది, ఆ 0.4 పాయింటు లక్ష్యం మీద ఒక్క మిల్లీమీటరు. అందుకే మీ డబ్బు సరైన చోట ఖర్చు కావాలి.

గత మూడు నెలల్లో తూచిన డబ్బాలు కొన్నవారు బిల్లు చూపితే అదనపు మొత్తం తిరిగి ఇస్తాము. ఆదివారం ఉదయం మీ రైఫిల్ తీసుకువస్తే, మా దగ్గరున్న లాట్లన్నీ బిగింపులో పెట్టి ఉచితంగా కాల్చి చూపిస్తాము. నచ్చిన లాట్ నుంచి ఆ సీజన్‌కు సరిపడా డబ్బాలు ఒకేసారి తీసుకోండి, ఎందుకంటే అది అయిపోతే అదే లాట్ మళ్లీ తెప్పించడం మా చేతిలో ఉండదు.