వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులకు నమస్కారం. మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తాను.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారి జయంతి మార్చి 8న ఎప్పటిలాగే పూలమాలతో, ఉపన్యాసంతో జరిగింది. ఈసారి మనమంతా గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం ఫిబ్రవరి 6 వర్ధంతి. ఆ రోజు బడిపిల్లలను రాజమహేంద్రవరంలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాం. ఆయన వేసిన నందిపూజ, సిద్ధార్థ రాగోదయం చిత్రాల ముందు నిలబెట్టి పెద్దలు ఆయన కథ చెప్పారు. ఈ ఊళ్లోనే 1897లో పుట్టడం, కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ చేతిని గుర్తించడం, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువు, అజంతా చూసి రావడం, ఇక్కడే చిత్రకళాశాల పెట్టడం అన్నీ వరసగా చెప్పారు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇరవై ఏడేళ్లేనని తెలిసి ఒక పాప 'మరి ఇన్ని బొమ్మలు ఎప్పుడు వేశారు?' అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే మనం ఈ సంఘం నడుపుతున్నాం.

భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టినవారేనని మన మహిళా సభ్యులు వివరించారు. ఆయన పోయాక కళాశాలను నిలబెట్టిన వరదా వెంకటరత్నం గారి గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆ నిలబెట్టడమే లేకపోతే ఇవాళ మనకు చూపించడానికి ఏం మిగిలేది? తర్వాత పిల్లలు గోదావరి గట్టున కూర్చుని రంగులు వేశారు.

కాగితాలు, రంగులు ఇచ్చిన దాతలకు, పిల్లలను తీసుకొచ్చిన డ్రాయింగ్ మాస్టార్లకు, మజ్జిగ పోసిన కుటుంబాలకు, ఫొటోలు తీసిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టీ జతచేశాం. కోశాధికారి చదువుతారు, ఆమోదించగలరు.

ఒక్క మాట చెప్పక తప్పదు. వస్తామని పేర్లు రాయించుకున్న వాలంటీర్లలో సగం మంది ఆ ఉదయం రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అంతమంది పిల్లలను రోడ్డు దాటించేటప్పుడు మేం పడ్డ టెన్షన్ మాకే తెలుసు. గట్టు మీద షామియానా అనుమతికి పెట్టిన అర్జీకి సంబంధిత కార్యాలయం నుంచి ఇవాళ్టికీ జవాబు లేదు. పిల్లలు ఎండలోనే బొమ్మలు వేశారు.

వచ్చే వర్ధంతికి పిల్లల చిత్రాలతో ప్రదర్శన పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రాగలిగినవారే పేర్లు ఇవ్వండి. రిజిస్టరు బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి